కడియం వేసిన పక్షి

వికారాబాదు, తాండూరు పట్టణాల నడుమ కోట్‌పల్లి అనే ఊరున్నది. అక్కడి వాగుకు అడ్డంగా 1960 తరువాతి దశకంలో ఒక ఆనకట్ట కట్టినారు. పొలాలకు నీరిచ్చే ఉద్దేశంతో ఏర్పడిన ఆ జలాశయానికి ఇటీవలి సంవత్సరాలలో పడవ విహారానికి వచ్చేవారు ఎక్కువైనారు. వారు నీటి నడుమకు పోతే, మరికొందరు దుర్భిణి కళ్లకు ఆనించుకొని ఒడ్డుననే కూర్చుంటారు. వీరు పక్షులను చూడ వచ్చినవారు. వీరికి చలికాలమే పండుగ. దీపావళి దాటిన పిమ్మట దక్కను చెరువుల మీదకు ఉత్తర దేశాల బాతులు దిగుతవి. తోక సూదివలె సాగి ఉండే పిన్‌టెయిల్ బాతు, కంటిమీద తెల్లని చారగల గార్గనీ బాతు, పారవంటి ముక్కుగల షవలర్ బాతు ఇట్లా వచ్చేవే. ఎండలు ముదిరేసరికి ఇవి కనిపించవు. చెరువులో నీరున్నా సరే, వెళ్లిపోతవి.

ఎక్కడికి వెళ్లిపోతవి? ఈ ప్రశ్నకు సమాధానం ఇప్పుడు బడిపిల్లలు సైతం చెప్పగలరు: మధ్య ఆసియాకు, సైబీరియాకు. కాని ఆ దారిని పటం మీద గీసి చూడండి. రష్యా, కజకస్థాన్, ఉజ్బెకిస్థాన్, ఆఫ్ఘనిస్థాన్, పాకిస్థాన్ దాటవలె. తూర్పుగా వచ్చేవి మంగోలియా, చైనా, నేపాళం దాటవలె. ఈ ఎల్లలలో కొన్నింటి మీద గత నూరేళ్లలో యుద్ధాలు జరిగినవి. కొన్నింటి మీద నేటికీ ఇరుపక్కలా సైన్యాలు నిలిచి ఉన్నవి. పక్షికి ఆ గీతతో పని లేదు గాని, పక్షి వెంటబడి దాని దారి తెలుసుకొనదలచిన మనిషికి అడుగడుగునా ఆ గీతతోనే పని. మన దేశంలో వలస పక్షుల శాస్త్రం పెరిగిన కథ ఈ చిక్కు చుట్టూ తిరిగినది.

పూర్వం ఐరోపాలో వానకోయిలలు చలికాలమంతా చెరువు బురదలో దాగి నిద్రపోతవని పండితులే నమ్మేవారు. 1822లో జర్మనీలోని క్లుట్జ్ అనే ఊరి దగ్గర ఒక కొంగను కొట్టినప్పుడు దాని మెడలో ఒక పొడవైన బల్లెపు కర్ర దిగబడి ఉన్నది. ఆ కర్ర ఆఫ్రికాలో చేసినది. గాయంతోనే అంత దూరం ఎగిరివచ్చిన ఆ కొంగను రోస్టాక్ విశ్వవిద్యాలయంలో నేటికీ భద్రపరచినారు. వలస దారికి అది మొదటి సాక్ష్యాలలో ఒకటి. బల్లెం దెబ్బ తిన్న కొంగ వచ్చే వరకు ఎదురుచూడనక్కరలేని ఉపాయాన్ని డెన్మార్కు ఉపాధ్యాయుడు మార్టెన్‌సెన్ 1899లో కనిపెట్టినాడు. పలుచని అల్యూమినియం కడియం మీద ఒక సంఖ్య, ఒక చిరునామా చెక్కించి గోరవంక జాతి పిట్టల కాళ్లకు తొడిగి వదలినాడు.

చూడబోతే ఇంత తేలికైన పని మరొకటి లేదు. కాని ఈ కడియం తానుగా ఏమీ చెప్పదు. అది ఏ పరాయి దేశపు వేటగాని చేతికో చిక్కవలె. అతడు దానిని పారవేయక, చదివి, చిరునామాకు ఉత్తరం వ్రాయవలె. ఆ ఉత్తరం సరిహద్దు దాటి రావలె. ఈ మూడింటిలో ఏది తప్పినా కడియం వట్టి రేకుముక్క. మన దేశంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ ఈ పనిని 1927లో ధార్ సంస్థానంలో మొదలుపెట్టినది. కడియం మీద, దొరికినవారు బొంబాయి సొసైటీకి తెలుపవలసినదని ఇంగ్లీషు అక్షరాలలో ఉండేది. అది చదివి రెండవ దేశపు రక్షకభటుడు ఏమనుకొనునో ఆనాడు ఎవరూ ఆలోచించినట్లు లేదు.

అప్పటి సరిహద్దులు వేరు. కోట్‌పల్లి, వికారాబాదు, తాండూరు అన్నీ నిజాం రాజ్యంలోనివి. ఆ రాజ్యానికి తన నాణెం, తన సుంకం ఉండేవి. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు వేసిన నిజాం రైలుమార్గం తాండూరు, వికారాబాదుల మీదుగానే పోతుంది. బొంబాయి నుండి హైదరాబాదు రావలసినవారికి అదే దారి. అప్పటికి దక్కనులోని బ్రిటిషు జిల్లాల పక్షులను గురించి కొంత తెలుసు. బ్రిటిషు అధికారులు ఎక్కడ పనిచేస్తే అక్కడి పక్షులను సేకరించేవారు గనుక సంస్థానాల పక్షులు మాత్రం చాలవరకు లెక్కకు రాలేదు. అనగా పక్షిశాస్త్ర పటంలో ఖాళీలు పక్షులు లేనిచోట కాక, పరిపాలన మారినచోట ఏర్పడినవి.

ఆ ఖాళీని పూరించడానికి పూనుకొన్నవారు సలీం అలీ. 1896లో బొంబాయిలో పుట్టినారు. బెర్లిన్‌లో స్ట్రెస్‌మాన్ వద్ద శిక్షణ పొంది తిరిగివచ్చేసరికి చేస్తూ ఉండిన మ్యూజియం ఉద్యోగం పోయినది. జీతం అక్కరలేదు, తిరుగుటకు ఖర్చులు ఇప్పిస్తే చాలు, సంస్థానపు పక్షులను సర్వే చేసి ఇస్తానని ఆయన చెప్పినారు. నిజాం ప్రభుత్వం ఒప్పుకొన్నది. 1931, 1932 సంవత్సరాలలో భార్య తెహ్మినాతో కూడ డేరాలలో ఉంటూ ఆయన హైదరాబాదు రాజ్యంలోని అడవులు తిరిగినారు. అమ్రాబాద్ పీఠభూమి మీది మన్ననూరు, ఫరహాబాదులు ఆ మజిలీలలోనివి. ఫలితాలు 1933, 1934 సంవత్సరాలలో బొంబాయి సొసైటీ పత్రికలో భాగాలుగా వెలువడినవి. తెలంగాణలో ఏ పక్షి తగ్గినది, ఏది పెరిగినది అని నేడు ఎవరైనా అడిగితే పోల్చి చూచుటకు మొదట తీయవలసిన కాగితాలు అవే. సంస్థాన సర్వేల వరుసలో హైదరాబాదు మొదటిది. తిరువాన్కూరు, కొచ్చిన్, గ్వాలియర్, ఇందూరు, భోపాలు దాని వెనుక వచ్చినవి.

ఆ నివేదికకు శాస్త్రీయ వ్యాఖ్యలు వ్రాసిన హ్యూ విస్లర్ పంజాబులో పోలీసు అధికారిగా పనిచేసినవాడు. ఇది కాకతాళీయం కాదు. బ్రిటిషు కాలపు పక్షి పరిశీలకులలో చాలామంది సరిహద్దులు కాచేవారే. భారత పక్షిశాస్త్రానికి ఆద్యుడనదగిన ఏ.ఓ. హ్యూమ్ 1867 నుండి 1870 వరకు లోపలి సుంకాల కమిషనరు. ఉప్పు దొంగతనంగా దాటకుండ దేశానికి అడ్డంగా పెంచిన ముళ్లకంచె అతని ఆధీనంలో ఉండేది. టిబెట్టులో పక్షులను, సీతాకోకచిలుకలను పట్టిన బెయిలీ 1918లో తాష్కెంటులో గూఢచారిగా మెలగినాడు. 1937లో సలీం అలీతో కూడ ఆఫ్ఘనిస్థాన్ పక్షులను చూడబోయిన మైనర్జాగెన్ మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిషు వేగుల శాఖలో ఉన్నవాడు. అతడు మ్యూజియముల నుండి పక్షి తోళ్లను దొంగిలించి, దొరకని చోట దొరికినట్లు చీటీలు వ్రాసిపెట్టినాడని అతని మరణానంతరం తేలినది. దుర్భిణి పట్టుకొని సరిహద్దు దగ్గర తిరిగే మనిషిని చూచి కాపలావాడు అనుమానపడితే, అతనిని వట్టి అజ్ఞాని అనడానికి ఈ చరిత్ర ఒప్పుకోదు.

అనుమానం అసలు రూపం దాల్చినది మాత్రం స్వాతంత్ర్యం వచ్చిన తరువాతనే. దానికి మూలం ఒక కోతుల చావు.

1957లో మైసూరు రాష్ట్రం షిమోగా జిల్లాలోని క్యాసనూరు అడవిలో కోతులు కుప్పలుగా చనిపోసాగినవి. చుట్టుపక్కల ఊళ్లలో మనుషులకు తీవ్రమైన జ్వరం, రక్తస్రావం కనిపించినవి. పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రం వారు ఇది పిడుదుల ద్వారా వ్యాపించే కొత్త వైరసు అని కనుగొన్నారు. పిడుదులంటే పశువుల చర్మాన్ని పట్టి రక్తం పీల్చే పురుగులు, గోమార్లు. చిత్రమేమంటే, ఈ వైరసుకు దగ్గరి చుట్టంవంటిది రష్యాలో ఉన్నది. అక్కడ వసంతకాలంలో మెదడువాపు తెచ్చేది అదే. సైబీరియాకు, షిమోగాకు ఏమి సంబంధం? ఒక్కటే తోచినది. చలికాలపు పక్షులు. అవి తమ ఈకలలో పిడుదులను మోసుకొని వచ్చినవేమో!

ఈ ఊహను పరీక్షించాలంటే పక్షులను వేలకొద్దీ పట్టి, పిడుదులను ఏరి, కాళ్లకు కడియాలు వేసి, దారులు తెలుసుకోవలె. ఎన్నాళ్లుగానో డబ్బు లేక ఆగిన పనికి ఇది మంచి అదను. 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో బొంబాయి సొసైటీ పక్షుల వలస పరిశోధనకు దిగినది. కచ్ఛ్‌లోను, భరత్‌పూరు చిత్తడి నేలలలోను వలలు పన్నినారు. పక్షులను నొప్పించకుండ పట్టడంలో ఆరితేరినవారు వల వేసి బ్రతికే వేటగాళ్లే గనుక వారినే పనిలోకి తీసుకొన్నారు. తరతరాలుగా కూరకు అమ్మిన చేతులతోనే పక్షికి కడియం తొడిగి వదలినారు.

ఆ డబ్బు ఎక్కువకాలం సరిపోలేదు. అప్పటికి అమెరికా సైన్యం ఆసియా అంతటా ఇటువంటి పనినే పెద్ద ఎత్తున చేయిస్తున్నది. వలస జంతువుల రోగాల సర్వే అని దానికి పేరు. మాప్స్ అని పొట్టి పేరు. మెక్‌క్లూర్ అనే శాస్త్రజ్ఞుడు దానిని 1963 నుండి 1971 వరకు నడిపినాడు. జపాను మొదలు ఆగ్నేయాసియా వరకు పది లక్షలకు పైగా పక్షులకు కడియాలు వేయించినాడు. అంతటి పని ఆసియాలో అంతకుముందు ఎన్నడూ జరుగలేదు. బొంబాయి సొసైటీ కూడ అందులో చేరినది.

ఇప్పుడు ఆ కాలాన్ని జ్ఞాపకం చేసుకోవలె. 1962లో చైనాతో యుద్ధం, 1965లో పాకిస్థాన్‌తో యుద్ధం జరిగినవి. వియత్నాంలో అమెరికా పోరాడుతున్నది. అటువంటి రోజులలో, సోవియట్ దేశం నుండి భారతదేశానికి వచ్చే పక్షులు ఏ రోగాలు మోయగలవో తెలుసుకొనుటకు డబ్బు ఇస్తున్నది అమెరికా సైన్యం! రోగం ఎట్లా వచ్చినదో తెలిస్తే, రోగాన్ని ఎట్లా పంపవచ్చునో కూడ తెలుస్తుందని ఎవరికైనా తోచవచ్చును. తోచినది. క్రిమి యుద్ధానికి పక్షులను సిద్ధం చేస్తున్నారని పత్రికలలోను, పార్లమెంటులోను ఆరోపణలు లేచినవి. సలీం అలీ సహచరుడు డిల్లన్ రిప్లే రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా వేగుల సంస్థలో పనిచేసి ఉండడం ఆ మంటకు నెయ్యి పోసినది. అంతకుముందు 1947లో అతడు నెహ్రూకు ఆప్తుడనన్నట్లు మెలగి నేపాళంలో ప్రవేశం సంపాదించిన సంగతి అచ్చులో చదివి నెహ్రూ కోపగించడం కూడ జరిగినది.

1974లో ఢిల్లీలో దోమల మీద జరుగుతున్న మరొక విదేశీ సహాయ పరిశోధనను గురించి గగ్గోలు పుట్టినప్పుడు పక్షుల సంగతి మళ్లీ పైకి వచ్చినది. పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ రెండింటినీ విచారించి 1975లో నివేదిక ఇచ్చినది. విదేశీ సైన్యపు డబ్బుతో జరిగే పరిశోధనను దేశం తగినంత జాగ్రత్తగా చూడలేదన్నది అందులోని అభియోగం. దోమల కేంద్రం మూతపడినది. సలీం అలీ తన ఆత్మకథలో ఈ ఆరోపణలను తీవ్రంగా కాదన్నారు. పక్షుల దారి తెలిపే కడియపు సంఖ్యలలో రహస్యమేమీ లేదు, అన్నీ అచ్చయినవే. కాని ఒక మాట ఒప్పుకోక తప్పదు. డబ్బు ఎవరిది, దేనికొరకు అని అడగడం పార్లమెంటు విధి. అది అడుగకుండ ఉండినట్లయితేనే తప్పయ్యేది. ఆ ప్రశ్న 1975లో గాక, పని మొదలైన రోజుననే పడి ఉంటే శాస్త్రానికీ మేలే.

ఇంతకూ కోతుల జబ్బు ఏమైనది? వలస పక్షులే దానిని సైబీరియా నుండి తెచ్చినవనడానికి రుజువు దొరకలేదు. హీమోఫైసాలిస్ జాతికి చెందిన పిడుదులు పడమటి కనుమల అడవులలోనే దానిని నిలిపి ఉంచుతున్నవి. అడవిని నరికి, పశువులను లోనికి తోలిన చోట అది మనుషులకు అంటుతున్నది. దగ్గరి చుట్టమైన మరొక వైరసు 1995లో సౌదీ అరేబియాలో బయటపడినది. పక్షుల మీద మోపిన నేరం ఒకటి నిలువలేదు. కాని ఆ నేరం మోపడం వల్లనే పక్షుల దారులు తెలిసినవి. భరత్‌పూరులో కడియం వేసిన బాతులు సోవియట్ దేశంలో దొరికినట్లు ఉత్తరాలు వచ్చినవి. రెండు ప్రభుత్వాల మధ్య స్నేహం ఉండినది గనుక ఆ ఉత్తరాలు చేరినవి. 1984లో ఆ రెండు దేశాలు వలస పక్షుల రక్షణకు ఒడంబడిక చేసుకొన్నవి.

ఆ ఒడంబడికకు ఆలస్యం కానే అయినది. భరత్‌పూరుకు వచ్చే సైబీరియా తెల్ల కొంగలు, సైబీరియన్ క్రేన్‌లు, 1960 తరువాతి దశకంలో రెండు వందల దాకా ఉండేవి. వాటి దారి ఆఫ్ఘనిస్థాన్ మీదుగా పోతుంది. ఆబ్-ఇ-ఇస్తాదా సరస్సు వాటి మజిలీ. 1979 చివర ఆ దేశంలో యుద్ధం మొదలైనది. దారి పొడుగునా వేట, తుపాకుల విరివి, చిత్తడి నేలలు ఎండడం. వీటిలో దేని పాలు ఎంత అన్నది విడదీసి చెప్పడం కష్టం. ఏటేటా సంఖ్య తగ్గి, చివరి జంట 2002లో కనిపించి, ఆ తరువాత రాలేదు. రెండు చివర్లలో రెండు దేశాలు ఎంత కాపాడినా నడిమి దేశంలో శాంతి లేకపోతే ఫలితం ఇది.

పడమటి సరిహద్దున మరొక విచిత్రం ఉన్నది. గొప్ప కచ్ఛ్ రణ్‌లో ఉప్పునీటి బురద నడుమ రాజహంసలు, అనగా ఫ్లెమింగోలు, బురదతో దిబ్బ గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచుతవి. 1945లో సలీం అలీ ఒంటెనెక్కి అక్కడికి పోయి లక్ష గూళ్ల వరకు లెక్కించినారు. రెండేళ్లు తిరిగేసరికి దేశం విడిపోయి ఆ బురద సరిహద్దు ప్రాంతమైనది. 1965 ఏప్రిల్‌లో అక్కడ కాల్పులు జరిగినవి. 1968లో అంతర్జాతీయ న్యాయ మండలి గీత గీసినది. నేడు ఆ గూళ్లను చూడదలచినవారు సరిహద్దు భద్రతా దళం అనుమతి తీసుకోవలె. విచిత్రమేమంటే, ఇన్ని యుద్ధాల నడుమ 1968 నుండి 1974 వరకు సలీం అలీ, రిప్లేలు పది సంపుటాలుగా వెలువరించిన మహాగ్రంథం పేరు భారత, పాకిస్థాన్ పక్షులను కలిపి చెప్పేది. 1971 పిమ్మట ఆ పేరులో బంగ్లాదేశ్‌ను కూడ చేర్చవలసి వచ్చినది. లోపలి పక్షులు మాత్రం మారలేదు.

కడియం చూచి భయపడడం ఆ తరంతో ముగియలేదు. 2013లో ఈజిప్టులో ఒక కొంగను పట్టి, దాని వీపున ఉన్న పరికరం వేగుల యంత్రమని నిర్బంధించినారు. హంగరీలో వలస పరిశోధనకు కట్టిన పరికరం అది. విడిచిపెట్టిన పిమ్మట ఆ కొంగను ఎవరో చంపి తినివేసినారు. 2015లో పఠాన్‌కోట్ దగ్గర ఉర్దూ అక్షరాలున్న పావురాన్ని పట్టి ఎక్స్‌రే తీసినారు. 2020లో కథువా జిల్లాలో చిక్కిన పావురం కాలికి సంఖ్య ఉన్న కడియం ఉన్నది. అవతలి పల్లెవాడు అది తన పెంపుడు పావురమనీ, ఆ సంఖ్య తన ఫోను నంబరనీ చెప్పుకొన్నాడు. 2023లో బొంబాయిలో దొరికిన పావురం కడియం మీద చైనా లిపివంటి అక్షరాలు కనిపించి, ఎనిమిది నెలలు బోనులో ఉంచినారు. తైవాన్‌లో పందేలకు పెంచిన పక్షి అని తేలి 2024 జనవరి చివర విడిచినారు.

నవ్వు వస్తుంది. కాని పావురం వార్తాహరి కాదా? 1946లో ఒడిశా పోలీసులు సైన్యం వద్ద పావురాలు తీసుకొని మన పొరుగున ఉన్న కోరాపుట్‌లోనే పావురాల టపా మొదలుపెట్టినారు. తుఫానులలో తంతి తీగలు తెగినప్పుడు అవే దిక్కయినవి. పావురానికి వార్త మోయగల శక్తి ఉన్నది. వలస బాతుకు లేదు, ఎందుకంటే దానిని ఫలానా చోటికి పొమ్మని ఎవరూ నేర్పలేరు. ఈ తేడా సరిహద్దు ఠాణాలలో తెలిసి ఉంటే చాలా పక్షులు బోను తప్పించుకొనేవి.

ఉపగ్రహాలు వచ్చిన తరువాత ఉత్తరం కొరకు వేచి ఉండనక్కరలేకపోయినది. మంగోలియాలోను, మన దేశంలోను పట్టి పరికరాలు కట్టిన బార్‌హెడెడ్ గూస్ అనే పెద్దబాతులు హిమాలయాలను దాటుతుండగా ఒకటి 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్లు 2013లో ప్రకటించినారు. తల వెనుక రెండు నల్లని చారలుండే ఈ పెద్దబాతులు చలికాలంలో దక్షిణాదికి కూడ వస్తవి. ఆ సంవత్సరమే నాగాలాండులో అముర్ డేగలకు పరికరాలు అమర్చినారు. అంతకు ముందటి ఏడు అక్కడివారు వాటిని వేలకొద్దీ వలలు వేసి చంపిన సంగతి లోకానికి తెలిసినది. ఊరివారే వేట మాని కాపలా కాసినారు. నాగా, పంగ్తి, వోఖా అని పేర్లు పెట్టిన మూడు డేగలు ద్వీపకల్పం మీదుగా ఎగిరి, అరేబియా సముద్రాన్ని ఎక్కడా దిగక దాటి ఆఫ్రికా చేరినవి.

మళ్లీ వికారాబాదుకు రావలె. ఎందుకంటే దేశరక్షణ, పక్షి పరిశీలన అనే ఈ రెండూ ఇప్పుడు ఈ జిల్లాలోనే ఎదురుపడినవి. కోట్‌పల్లి ఉన్న జిల్లాలోనే పూడూరు మండలంలో దామగుండం అడవి ఉన్నది. అక్కడ భారత నౌకాదళం అతి తక్కువ పౌనఃపున్యపు రేడియో కేంద్రాన్ని తలపెట్టినది. 1,174 హెక్టార్ల అటవీ భూమిని 2024 జనవరిలో నౌకాదళానికి అప్పగించినారు. ఆ ఏడు అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేసినారు. సముద్రం ఇక్కడికి వందల మైళ్ల దూరం, ఏ దేశపు సరిహద్దూ దగ్గర లేదు. అయినా సముద్రం లోపల సంచరించే జలాంతర్గామికి ఆదేశం ఇక్కడి నుండి పోవలె. ఉప్పునీరు మామూలు రేడియో తరంగాలను పైపొరలోనే మింగివేస్తుంది. సెకనుకు మూడు వేల నుండి ముప్పది వేల కంపనాలుగల అలలు మాత్రం కొన్ని మీటర్ల లోతుకు దిగగలవు. ఈ అలల పొడవు పది నుండి నూరు కిలోమీటర్లు గనుక వాటిని పంపుటకు బ్రహ్మాండమైన స్తంభాలు, విశాలమైన నేల కావలె. ఇటువంటి మొదటి కేంద్రం 1990లో తిరునల్వేలి జిల్లాలో ఏర్పడినది. దాని పేరు ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్.

అడవి పోతుందని, మూసీ పుట్టే కొండల దగ్గర ఈ పని తగదని ప్రకృతి ప్రేమికులు, పక్షులను చూచేవారు అభ్యంతరం చెప్పినారు. కోర్టుకు కూడ పోయినారు. తరంగాల వల్ల పక్షులు దారి తప్పుతవని కూడ కొందరు అన్నారు. ఈ చివరి మాటను శాస్త్రం ఎంతవరకు బలపరుస్తుందో చూడవలె. జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రాబిన్ పిట్టల మీద చేసిన ప్రయోగ ఫలితాలు 2014లో నేచర్ పత్రికలో వెలువడినవి. పట్టణపు విద్యుత్ పరికరాల నుండి వచ్చే రేడియో రొదలో ఈ పిట్టలు భూమి అయస్కాంత దిక్కును గుర్తించలేకపోయినవి. గుడిసెను అల్యూమినియం రేకులతో కప్పగానే మళ్లీ గుర్తించినవి. అయితే వాటిని తికమక పెట్టిన రొద సెకనుకు యాభై వేల నుండి యాభై లక్షల కంపనాల మధ్యది. జలాంతర్గాముల కేంద్రపు అలలు అంతకన్న దిగువవి. కాబట్టి ఆ ప్రయోగాన్ని దామగుండానికి సూటిగా అన్వయించరాదు. హాని లేదని అది చెప్పడమూ లేదు. దాని పరిధిలోనికి ఈ ప్రశ్న రాలేదు, అంతే.

స్తంభాల సంగతి అట్లా కాదు, అది బాగుగా తెలిసినదే. తిరునల్వేలి స్తంభాలు 471 మీటర్ల ఎత్తు. రాత్రి ఎగిరే వలస పక్షులు ఇటువంటి స్తంభాలకు, వాటిని నిలబెట్టే ఉక్కు తాళ్లకు తగిలి చనిపోతవని అమెరికాలో ఎన్నో ఏళ్లుగా లెక్కలు తీసినారు. మబ్బు కమ్మిన రాత్రి, స్తంభం మీద ఎర్రదీపం నిలకడగా వెలుగుతూ ఉంటే పక్షులు దాని చుట్టూ తిరిగి తిరిగి తాళ్లను కొట్టుకొంటవి. మిషిగన్ రాష్ట్రంలో నిలకడ దీపాలను తీసివేసి, మినుకుమనే దీపాలు మాత్రమే ఉంచిన స్తంభాల వద్ద చావులు సగం నుండి డెబ్బది శాతం దాకా తగ్గినవని 2009లో తెలిసినది. ఖర్చు లేని ఉపాయం. విమానాల భద్రతకు భంగం లేదు, నౌకాదళ రహస్యానికీ భంగం లేదు. వాదోపవాదాలలో తరంగాల మాట వినిపించినంతగా దీపాల మాట వినిపించకపోవడం విచారకరం.

మరొక సంగతి. కట్టబొమ్మన్ కేంద్రం ఉన్న తిరునల్వేలి జిల్లాలోనే కూంతంకుళం చెరువులున్నవి. పైన చెప్పిన చారల తల పెద్దబాతులు అక్కడ చలికాలం గడుపుతవి. హిమాలయాలు దాటిన వాటి దారి తెలుసుకొనుటకు పరికరాలు కట్టిన చోట్లలో అదొకటి. అంత పెద్ద రేడియో కేంద్రం ఉన్న జిల్లాకు అవి రావడం మానలేదు. చెరువులో దిగే బాతుకు నీరు, చుట్టూ పొలాలు ఉంటే చాలును. దామగుండంలో ఉన్నది అడవి. అడవి పిట్టకు చెట్టు పోతే చెరువు బదులు కాదు.

అక్కడ ఇంతకాలం ఏయే పక్షులు ఉండినవి? దీనికి సమాధానం చాలవరకు సెలవురోజున పోయి చూచివచ్చినవారి చేతివ్రాత పుస్తకాలలో ఉన్నది. 1980లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పక్షి పరిశీలకుల సంఘం, తరువాత డెక్కన్ బర్డర్స్ అని పేరు మార్చుకొన్నది, ఇటువంటి జాబితాలు ఎన్నింటినో కూర్చినది. కంచె వేసిన పిమ్మట కొత్త జాబితాలు వ్రాయాలంటే లోపలివారి అనుమతి కావలె.

ఆ అనుమతి దొరకరానిదేమీ కాదు. పులికాటు సరస్సు పక్కన శ్రీహరికోట దీవి ఉన్నది. అక్కడి నుండి 1971 అక్టోబరులో మొదటి రాకెట్టు ఎగిరినది మొదలు అది కావలిలోనే ఉన్నది. బయటివారికి ప్రవేశం లేదు. దీవిలో ముందు నుండి నివసించే యానాదులకు ఆ కంచె చాలా కష్టాలు తెచ్చినది, అది వేరే కథ. కాని గొడ్డలి కూడ లోనికి పోలేదు గనుక తూర్పు తీరంలో పొడి సతతహరితారణ్యం బాగుగా మిగిలిన చోట్లలో అదొకటి అయినది. అంతరిక్ష కేంద్రంవారు బొంబాయి సొసైటీ పరిశోధకులను లోనికి రానిచ్చి, అక్కడి పక్షులను, చెట్లను లెక్క వ్రాయనిచ్చినారు. క్రిమి యుద్ధపు అనుమానం మోసిన సొసైటీ అదే. ఆ లెక్కలు అచ్చయినవి.